ప్రయోగశాలలో యంత్రపు జల్లెడ

జ్వరమో, నడుము నొప్పియో వచ్చి వైద్యుని యొద్దకు పోయినచో, ఆయన వ్రాసి యిచ్చు చీటీలో రెండు పరీక్షలు తరచుగా కనిపించును. ఒకటి రక్తపరీక్ష, రెండవది మూత్రపరీక్ష. మొదటిదానిని గూర్చి మనము నలుగురిలోను మాటలాడుకొందుము. సూదికి మావాడు భయపడలేదని గొప్పగా చెప్పుకొందుము. రెండవదానిని గూర్చి మాత్రము గొంతు తగ్గింతుము. సీసాను సంచి యడుగున దాచి తీసికొనిపోదుము. నిజమునకు అట్లు దాచుకొనవలసినది ఇందులో ఏమియు లేదు. ఆ చిన్న సీసాను శ్రద్ధగా పరీక్షించిన వైద్యుడు మూత్రపిండముల స్థితిని, మధుమేహపు జాడను, కాలేయపు దోషమును, గర్భిణి క్షేమమును ఎంతో వరకు తెలిసికొనగలడు.

పెద్ద ఆసుపత్రులలో ఇట్టి సీసాలు దినమునకు వందలకొలది వచ్చును. వానిని మనుష్యులే ఒక్కొక్కటిగా పరీక్షించుట మేలా, లేక యంత్రముచేత జల్లెడ పట్టించుట మేలా? యంత్రమునకు పెట్టిన ధనము తిరిగి వచ్చునా? ఇది ఆసుపత్రి అధికారుల తలనొప్పి, మనకెందుకని శ్రోతలు అనుకొనవచ్చును. కాని ప్రభుత్వపు ఆసుపత్రిలో ఆ ధనము మన పన్ను. ప్రైవేటు ఆసుపత్రిలో అది మన బిల్లు. కావున ఈ లెక్కను మనమును ఒకమారు వేసి చూచుట మంచిది.

మేము నివసించునది హైదరాబాదునకు ఆగ్నేయ దిక్కున నున్న నాదర్‌గుల్. ఒకప్పుడు పొలముల నడిమి పల్లె. చిన్న విమానములు ఎగురుట నేర్చుకొను మైదానమొకటి, ఇంజనీరింగు కళాశాల యొకటి ఈ ఊరికి పేరు తెచ్చినవి. ఇప్పుడు నలువైపుల ఇండ్లు లేచినవి. పెద్ద వైద్యము కావలసివచ్చినప్పుడు మాత్రము మా ఊరివారు బి.ఎన్.రెడ్డి నగర్ మీదుగా ఎల్.బి.నగర్‌కో, దిల్‌సుఖ్‌నగర్‌కో పోవుదురు. అదియు చాలనిచో మలక్‌పేట, చాదర్‌ఘాట్ దాటి కోఠి వైపు పోవలసినదే.

కొన్ని వేసవుల క్రిందట మా పొరుగింటి పెద్దమ్మ కోడలు ఏడవ నెల గర్భిణి. ఒంటిలో నలతగా నున్నదని చెప్పగా వైద్యురాలు మూత్రమునకు కల్చర్ పరీక్ష వ్రాసినది. ఉదయము ఎనిమిది గంటలకు నమూనా ఇచ్చిరి. మూడు దినములైనను ఫలితము తెలియలేదు. నాలుగవనాడు ఆ పెద్దమ్మ మా గుమ్మము ముందు నిలిచి, "పొద్దుగాల ఎనిమిది గొట్టంగ ఇచ్చినం సారూ. ఆడికెల్లి పట్నం పంపిండ్రట. ఇయ్యాల మల్లొకపారి ఇయ్యమంటున్రు. మొదలిచ్చింది ఏమైనట్టు?" అని యడిగినది.

మేము ఆ కాగితమును చదివితిమి. ఒకటికి మించిన రకముల క్రిములు పెరిగినవి, మరల నమూనా పంపుడు అని అందులో నున్నది. విచారింపగా తెలిసినది ఇది. ఉదయము ఎనిమిది గంటలకు ఇచ్చిన సీసా మధ్యాహ్నము వరకు ఒక బల్లమీదనే యుండెను. బండి వచ్చి తీసికొనిపోవునప్పటికి ఎండ మండిపోవుచుండెను. మంచుపెట్టె లేదు. రెండవ నమూనా ఇచ్చిన మరునాటి రాత్రియే ఆ అమ్మాయికి చలిజ్వరము వచ్చినది. ఆసుపత్రిలో చేర్చి నరములోనికి మందు ఎక్కించిరి. తల్లియు, తరువాత పుట్టిన బిడ్డయు క్షేమముగా బయటపడిరి. అయినను ఆ వారము ఆ ఇంట పొయ్యి సరిగా వెలుగలేదు. పెద్దమ్మ అడిగిన ప్రశ్న మాత్రము మా మనస్సులో మిగిలినది. మొదట ఇచ్చినది ఏమైనట్టు? ఈ ప్రసంగమునకు మూలము ఆ ప్రశ్నయే.

ముందుగా ఈ పరీక్ష పుట్టుపూర్వోత్తరములను కొంచెము చూతము. మూత్రమును చూచి వ్యాధిని పోల్చుట మన దేశమున అతి ప్రాచీనము. చీమలు చేరు మూత్రమును గమనించిన మన పూర్వులు ఆ వ్యాధికి మధుమేహమని పేరు పెట్టిరి. ఇరువదవ శతాబ్దపు ఆరంభమున అమెరికా రసాయన శాస్త్రజ్ఞుడు స్టాన్లీ బెనెడిక్ట్ ఒక నీలి ద్రావణమును రూపొందించెను. దానిలో కొన్ని చుక్కల మూత్రము వేసి కాచినచో, చక్కెర లేనిచో నీలముగనే యుండును. ఉన్నకొలది ఆకుపచ్చగా, పసుపుగా, తుదకు ఇటుకరంగుగా మారును. మన పెద్దలలో అనేకులు ఆ పరీక్షనాళికను, ఆ స్పిరిట్ దీపమును ఎరుగుదురు.

ఈ కథలో మన తెలుగువానికి కూడ ఒక స్థానమున్నది. భీమవరమున 1895లో జన్మించిన ఎల్లాప్రగడ సుబ్బారావుగారు హార్వర్డ్ విశ్వవిద్యాలయమున సైరస్ ఫిస్కేతో కలిసి పనిచేసి, 1925లో ఒక పద్ధతిని ప్రకటించిరి. రక్తమునందును మూత్రమునందును ఉండు భాస్వరమును ఒక నీలిరంగు గాఢతనుబట్టి కొలుచు విధానమది. ఫిస్కే-సుబ్బారావు పద్ధతియను పేర అది ప్రపంచపు ప్రయోగశాలలన్నిటికిని పాకినది. రంగును చూచి మోతాదును చెప్పవచ్చునను ఈ సూత్రమే తరువాత వచ్చిన ఎన్నో యంత్రములకు పునాది. కన్ను చూడగలిగిన రంగును కాంతికొలమానమును చూడగలదు, అది అలసిపోదు.

1956లో అమెరికాలో ఆల్ఫ్రెడ్ ఫ్రీ, హెలెన్ ఫ్రీ అను దంపతుల కృషివలన చక్కెరను కనుగొను కాగితపు పుల్ల బజారులోనికి వచ్చినది. ముంచి తీసినచో చాలును; దీపము లేదు, కాచుట లేదు. నేడు ఆసుపత్రులలో వాడు స్ట్రిప్పుమీద సాధారణముగా పది చిన్న గళ్లుండును. చక్కెర, మాంసకృత్తు, రక్తము, తెల్లకణముల జాడ, కొన్ని క్రిములు పుట్టించు నైట్రైటు, ఆమ్లత్వము, సాంద్రత మొదలగు పది విషయములను అది రెండు నిమిషములలో చెప్పును.

ఇక కల్చర్ పరీక్ష వేరు. స్ట్రిప్పు క్రిముల నీడను చూపును. కల్చర్ క్రిములనే పెంచి చూపును. ఒక మిల్లీలీటరులో వెయ్యవ వంతు పట్టు తీగతో మూత్రమును తీసి, ఆహారపు పదార్థము పోసిన పళ్లెరముమీద రాయుదురు. శరీరపు వేడిమికి సమానమైన వేడిమిలో 18 నుండి 24 గంటలుంచుదురు. మరునాడు ఎన్ని చుక్కలు మొలచినవో లెక్కింతురు. ఒక చుక్క యనగా మిల్లీలీటరునకు వెయ్యి క్రిములు. నూరు చుక్కలనగా లక్ష. మిల్లీలీటరునకు లక్ష క్రిములున్నచో అది నిజమైన అంటువ్యాధి యనుకొనవచ్చునని బోస్టనుకు చెందిన ఎడ్వర్డ్ కాస్ అను వైద్యుడు 1950ల ద్వితీయార్ధమున నిరూపించెను. ఏ మందునకు ఆ క్రిమి లొంగునో తెలియుటకు ఇంకొక దినము పట్టును. అనగా ఇచ్చిన రెండు మూడు దినములకు గాని పూర్తి ఫలితము రాదు.

ఇచ్చటనే అసలు చిక్కు. కల్చరునకు వచ్చు నమూనాలలో అధికభాగమునందు ఏ క్రిమియు పెరుగదు. దేశదేశముల ప్రయోగశాలలవారు చెప్పుకొను మాట ఇదియే. సగముకన్న ఎక్కువ పళ్లెరములు, అనేక తావులలో మూడు వంతులకు పైగా, ఖాళీగనే మిగులును. ఆ ఖాళీ పళ్లెరమునకును అంతే పదార్థము, అంతే విద్యుత్తు, అంతే మనిషి శ్రమ పట్టినది. ఏమియు లేదని తెలిసికొనుటకు ఒక దినము పట్టినది. ఈలోగా రోగి ఊరకుండునా? ముందుజాగ్రత్తగా మందు మ్రింగుచునే యుండును.

కావున యంత్రమును చేసినవారు ఇట్లాలోచించిరి. ఏమియు లేని సీసాలను మొదటనే వేరుచేసినచో, మిగిలినవానికే పళ్లెరములు పెట్టిన చాలును గదా. మన ఇండ్లలో బియ్యమును జల్లించి నూకలను వేరుచేయు విధమే ఇది. జపాను దేశపు సిస్మెక్స్ సంస్థ 1990ల నడుమ ఇట్టి యంత్రమును బజారునకు తెచ్చినది. మూత్రమునకు ఒక రంగు కలిపి సన్నని ధారగా పంపుదురు. ఆ ధారపై లేజరు కాంతి పడును. ఒక్కొక్క కణము ఆ కాంతిని చిమ్ము తీరునుబట్టి ఇది తెల్లకణము, ఇది ఎర్రకణము, ఇది క్రిమి యని యంత్రము లెక్కించును. ఒక సీసాకు పట్టునది ఇంచుమించు ఒక నిమిషము. మరికొన్ని యంత్రములు కణములను ఛాయాచిత్రములు తీసి, పోల్చి చెప్పును.

ఇక రూపాయి లెక్కకు వత్తము. ఇప్పుడు మేము చెప్పబోవు అంకెలు ఏ ఆసుపత్రి పద్దుపుస్తకమునుండియు తీసినవి కావు. లెక్క నడకను చూపుటకు మేము ఊహించుకొన్నవి. శ్రోతలు కావలసినచో ఒక కాగితముమీద వేసికొని చూడవచ్చును.

యంత్రము వెల 20 లక్షల రూపాయలనుకొందము. ఏడేండ్లు పనిచేయుననుకొందము. అనగా ఏటికి సుమారు 2,86,000 రూపాయలు. మరమ్మతు ఒప్పందమునకు ఏటికి 2 లక్షలు. రెండును కలిసి 4,86,000. ఏడాదికి 300 పనిదినములైనచో, దినమునకు సుమారు 1,620 రూపాయలు. సీసాలు వచ్చినను రాకున్నను ఈ వ్యయము తప్పదు. ఇది కాక ప్రతి సీసాకు ద్రావణము ఖర్చు 15 రూపాయలనుకొందము.

ఇక ఆదాయమేమి? ఒక పళ్లెరమునకు పదార్థము, శ్రమ, విద్యుత్తు కలిపి 60 రూపాయలనుకొందము. యంత్రము సగము సీసాలను ఏమియు లేదని పంపివేసినచో, సీసా ఒక్కింటికి సరాసరిన 30 రూపాయలు మిగులును.

దినమునకు 40 సీసాలు వచ్చు చిన్న ఆసుపత్రిలో యంత్రపు స్థిరవ్యయము సీసాకు 40 రూపాయలకు పైబడును. ద్రావణముతో కలిపి 55 రూపాయలు పెట్టి 30 రూపాయలు మిగుల్చుకొన్నట్లు. ఏడాది తిరుగునప్పటికి సుమారు 3 లక్షల నష్టము. దినమునకు 400 సీసాలు వచ్చు పెద్ద ప్రయోగశాలలో స్థిరవ్యయము సీసాకు నాలుగు రూపాయలే. మొత్తము 19 పెట్టి 30 మిగుల్చుట. ఏటికి సుమారు 13 లక్షల లాభము. ఈ రెంటికి నడుమ, దినమునకు 108 సీసాల యొద్ద, లాభమును లేదు, నష్టమును లేదు.

యంత్రము అదియే, ద్రావణము అదియే. ఒకచోట వరము, మరియొకచోట భారము. కనుక యంత్రము మంచిదా చెడ్డదా యని అడుగుట సరికాదు. ఎన్ని సీసాలకు, ఎచ్చట, ఎవరికొరకు అని అడుగవలెను.

ఇందులో ఇంకొక మెలిక యున్నది. కొందరు వ్యాపారులు యంత్రమును ఉచితముగనే ఇచ్చెదమందురు; ద్రావణము మాత్రము తమ యొద్దనే కొనవలెనందురు. దీపము ఊరకనే ఇచ్చి నూనెను తానే అమ్మువాడు నష్టపోడు. ఏనుగును కొనుట కన్న మేపుట కష్టమని మన పెద్దలు ఊరక చెప్పలేదు. ఒప్పందము చేసికొనునప్పుడే ఐదేండ్ల ద్రావణపు వెలను, యంత్రము చెడినచో ఎన్ని గంటలలో మరమ్మతుదారు వచ్చునో, కరెంటు పోయినచో ఏమి చేయవలెనో వ్రాయించుకొనని ఆసుపత్రిలో, కొన్నాళ్లకు ఆ యంత్రము గుడ్డ కప్పుకొని మూలకూర్చుండును.

ఇంతవరకు రూపాయలు చెప్పితిమి. ఇక రూపాయలలో రానిది చెప్పవలెను. జల్లెడ యన్నాక కొన్ని గింజలు జారిపోవుట సహజము. దినమునకు వచ్చు 400 మందిలో 100 మందికి నిజముగా అంటువ్యాధి యున్నదనుకొందము. నూటికి 96 మందిని యంత్రము పట్టుకొనుననుకొందము. ఇది తక్కువ నేర్పు కాదు. అయినను దినమునకు నలుగురు జారిపోయిరి. ఏడాదికి 1,200 మంది. వారందరికి, ఏమియు లేదు పొండు అని కాగితము చేతికిచ్చితిమి.

ఆ నలుగురు ఎవరు? ఎవరో వయస్సులోనున్న బలవంతుడైనచో మరల మంట పుట్టి మరల వచ్చును. నష్టము రెండు దినములు. కాని ఆ నలుగురిలో ఏడవ నెల గర్భిణి యున్నచో? గర్భిణులలో కొందరికి నొప్పి, మంట ఏమియు లేకయే మూత్రమున క్రిములు పెరుగును. విడిచిపెట్టినచో అవి మూత్రపిండమునకు ప్రాకి జ్వరము తెచ్చును. నెలలు నిండకముందే కాన్పు కావచ్చును. అందువలననే ప్రపంచ ఆరోగ్య సంస్థ 2016లో ప్రకటించిన గర్భిణీ సంరక్షణ సూచనలలో, ఇట్టి క్రిములను కనుగొనుటకు కల్చర్ పరీక్షనే మేలైనదిగా చెప్పినది. అది లేనిచోట సూక్ష్మదర్శినితో చూచు గ్రామ్ రంగుపరీక్ష స్ట్రిప్పుకన్న మేలనినది. కనుక గర్భిణుల నమూనాలు, పసిబిడ్డల నమూనాలు, మూత్రపిండము మార్పిడి చేసికొన్నవారి నమూనాలు జల్లెడకు పోకుండ తిన్నగా పళ్లెరమునకే పోవలెను. ఇట్టి నియమము గోడమీద వ్రాసిపెట్టని ప్రయోగశాలలో ఎంత గొప్ప యంత్రమున్నను గర్భిణికి రక్షణ లేదు.

జల్లెడ కన్నులు ఎంత సన్నముగా నుండవలెనో నిర్ణయించునది కూడ మనిషియే. ఇన్ని క్రిములకు మించినచో పళ్లెరమునకు పంపుము అని యంత్రమునకు ఒక గీత గీసి ఇత్తురు. గీత క్రిందికి దింపినచో జారిపోవువారు తగ్గుదురు, మిగులు ధనమును తగ్గును. పైకెత్తినచో ధనము మిగులును, మనుష్యులు జారుదురు. ఆ గీతను లెక్కల గుమాస్తా ఒక్కడే గీయరాదు. వైద్యుడు ప్రక్కన నుండవలెను.

అయితే యంత్రమును మాత్రమే దోషిగా నిలుపుట న్యాయము కాదు. మనిషి కన్నును తప్పుచేయును. ఉదయము సూక్ష్మదర్శిని ముందు కూర్చున్నవాడు నూరవ సీసా యొద్దకు వచ్చునప్పటికి కన్నులు మండుచుండును. ఒక స్ట్రిప్పు రంగును ట్యూబులైటు క్రింద ఒకడు లేతపచ్చ యనును, మరియొకడు ముదురుపచ్చ యనును. యంత్రము నూరవదానిని మొదటిదానివలెనే చూచును. దాని గొప్ప లాభము మరియొకటి కలదు. మీకు క్రిములు లేవు అను మాటను ఆనాడే చెప్పగలదు. ఆ మాట విని వైద్యుడు యాంటీబయోటిక్ వ్రాయకుండ ఆగినచో, ఆ ఇంట ఒక మందు ఖర్చు తగ్గినది. మందులకు లొంగని క్రిములు పెరుగుటయు కొంత తగ్గినది. మూత్రవ్యాధులకు ముఖ్యకారణమైన ఈ.కోలై యను క్రిమి, మన దేశమున ఒకప్పుడు సులువుగా లొంగిన అనేక ఔషధములను నేడు ధిక్కరించుచున్నది. అనవసరముగా మ్రింగని ఒక్కొక్క మాత్రయు రేపటి రోగికి మనము దాచిన ఆస్తి. ఈ ఆస్తి విలువ ఏ పద్దుపుస్తకమునను కనిపించదు.

మరి ఉద్యోగముల మాట? యంత్రము వచ్చినచో ల్యాబు పనివారి కడుపు కొట్టునా యని కొందరు సందేహింతురు. ఖాళీ పళ్లెరములను లెక్కించు శ్రమ తగ్గును. కాని యంత్రము అనుమానించిన సీసాలను సూక్ష్మదర్శినిలో చూచి తేల్చునది మనిషి కన్నే. చదువుకొన్న చేతులకు చదువుతగిన పని మిగులును. పనివానిని తీసివేసి ఆ జీతమును యంత్రపు లాభముగా చూపు లెక్క మాత్రము నమ్మదగినది కాదు.

దినమునకు వందల సీసాలున్నచోటనే యంత్రము లాభమన్నాము. మరి చిన్న దవాఖానాలకు దారి యేమి? చిన్నచిన్న తావుల నమూనాలను ఒకచోటికి చేర్చుటయే దారి. తెలంగాణలో 2018లో నారాయణగూడలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్ ఆవరణమున కేంద్ర ప్రయోగశాలను నెలకొల్పి, నగరములోని బస్తీ దవాఖానాలనుండి, పట్టణ ఆరోగ్యకేంద్రములనుండి నమూనాలను తెప్పించి ఉచితముగా పరీక్షించు తెలంగాణ డయాగ్నస్టిక్స్ పథకమును ఆరంభించిరి. 2021 జూనులో 19 జిల్లాకేంద్రములలో ఇట్టి ప్రయోగశాలలను తెరచిరి. అప్పుడు 57 రకముల పరీక్షలని ప్రకటించిరి. బండిచక్రమునకు నడుమ ఇరుసు, చుట్టు ఆకులు. ఇరుసు యొద్ద పెద్ద యంత్రములు, ఆకుల కొనలయందు రోగులు. పేదవాని జేబునుండి రూపాయి తీయకుండ ఖరీదైన యంత్రమునకు చాలినంత పని చూపు ఉపాయమిది, మెచ్చదగినది.

కాని మూత్రము రక్తమువంటిది కాదు. సీసాలో పడిన క్షణమునుండి అందులోని క్రిములు పిల్లలు పెట్టుచునే యుండును. అనుకూలమైన వేడిమిలో ఈ.కోలై ఇరువది నిమిషములకు ఒకమారు రెట్టింపు కాగలదు. ఒక్కటి గంటకు ఎనిమిది. రెండు గంటలకు అరువదినాలుగు. నాలుగు గంటలకు నాలుగువేల పైచిలుకు. మూత్రములో వేగము కొంత తగ్గవచ్చునేమో గాని, ఏప్రిల్ ఎండలో సాగర్ రహదారిమీద బండిపెట్టెలో నున్న సీసాకు వేడిమి కొరతయా? తీసికొన్న రెండు గంటలలో పరీక్షింపవలెను; లేనిచో చల్లని పెట్టెలో ఉంచవలెను; దూరము పంపవలసినచో బోరిక్ ఆమ్లము వేసిన సీసాలో పట్టవలెను. ఇది ప్రయోగశాలలవారందరును ఎరిగిన నియమమే. దూరమును దాటి ఎండలో ఉడికిన సీసాను లక్షల యంత్రములో పెట్టినచో, అది తప్పును ఒక్క నిమిషములో అచ్చువేసి ఇచ్చును.

మా పెద్దమ్మ ప్రశ్నకు జవాబిదియే. మొదట ఇచ్చినది యంత్రము లేకపోవుటవలన చెడలేదు. కొన్ని మంచుగడ్డలు, ఒక మూతగల పెట్టె, ఒక వేళ తప్పని బండి లేకపోవుటవలన చెడినది. కావున ధనమును వెచ్చించు క్రమము మాకు ఇట్లు తోచుచున్నది. మొదటి రూపాయి శుభ్రమైన సీసాకు, చల్లని పెట్టెకు. రెండవ రూపాయి ఊరి దవాఖానాలోనే అక్కడికక్కడ ముంచి చూచు స్ట్రిప్పునకు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో మొదటిమారు ప్రకటించిన అత్యవసర పరీక్షల పట్టికలో, ప్రయోగశాల లేని చిన్న కేంద్రములలో సయితము ఉండవలసినవానిలో దీనిని చేర్చినది. మూడవ రూపాయి ప్రాంతీయ ఆసుపత్రులలో స్ట్రిప్పు రంగును చదువు చిన్న యంత్రమునకు. నాలుగవది, వందల సీసాలు చేరు కేంద్రమున, లేజరు యంత్రమునకు. ఈ క్రమమును తలక్రిందులు చేసినచో యంత్రము మెరయును, రోగి మరల మరల సీసా పట్టుకొని నిలుచును.

ఇంకొక హెచ్చరిక. ఏ జల్లెడయు అన్ని వ్యాధులకు చాలదు. శ్రీకాకుళపు ఉద్దానములో ఏండ్ల తరబడి మూత్రపిండములు చెడుచున్న సంగతి తెలుగువారందరికి తెలిసినదే. పలాసలో 2023 డిసెంబరున అందుకొరకై పరిశోధన కేంద్రమును, 200 పడకల ఆసుపత్రిని ప్రారంభించిరి. అచ్చటి వ్యాధిలో చాలమందికి మూత్రమున మాంసకృత్తు అంతగా పడకయే మూత్రపిండము లోలోపల దెబ్బతినును. అట్టిచోట స్ట్రిప్పు పచ్చబడలేదని నిశ్చింతగా నుండరాదు. రక్తములో క్రియాటినిన్ కూడ చూడవలెను. ఏ రోగమును వెదకుచున్నామో ఎరిగి జల్లెడను ఎన్నుకొనవలెను గాని, జల్లెడ చేతనున్నదని అన్నిటిని దానిలోనే పోయరాదు.

కడపట ఇంటివారు చేయగలిగిన పనులు కొన్ని చెప్పి ముగింతుము. పాత మందుసీసాలలో, పచ్చడి సీసాలలో నమూనా పట్టరాదు. ల్యాబువారిచ్చిన సీసానే వాడవలెను. ముందు నీటితో శుభ్రము చేసికొని, మొదటి ధారను విడిచి, నడిమి ధారను పట్టవలెను. సీసామీద పేరుతోపాటు పట్టిన వేళను వ్రాయవలెను. గర్భిణియైనచో ఆ మాటను చీటీమీద వ్రాయుమని అడుగవలెను. ఇచ్చుచోట, "అయ్యా, ఈ సీసా ఎన్నింటికి బయలుదేరును? చల్లని పెట్టెలో పోవునా?" అని అడుగుటకు సిగ్గుపడరాదు. కల్చర్ పరీక్షకు నమూనా ఇచ్చుటకు ముందే యాంటీబయోటిక్ మ్రింగియున్నచో దాచక చెప్పవలెను. మ్రింగినచో పళ్లెరము ఖాళీగా నుండవచ్చును, రోగము మాత్రము పోయియుండదు.

మా పొరుగింటి పెద్దమ్మ మనుమడు ఇప్పుడు మా వీధిలో సైకిలు నేర్చుకొనుచున్నాడు. ఆమె మాత్రము నేటికిని ల్యాబులో సీసా ఇచ్చి ఊరకనే తిరిగి రాదు. బండి ఎన్నింటికి వచ్చునో అడిగి, అది వచ్చి సీసాను పెట్టెలో పెట్టుకొని పోవువరకు అచ్చటనే బల్లమీద కూర్చుండును. సంస్థలు ఆ కాపలా పనిని తమపైన వేసికొన్ననాడు, ఆమెయు వెంటనే ఇంటికి రాగలదు.